ఎగరేసుకునే చోటు

ఆనకట్ట గేటు దగ్గర బోర్డు మీద
నాలుగు ఫ్యాన్ల బొమ్మ, దానికి అడ్డంగా ఎర్ర గీత.
కింద వెల్ష్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి
వద్దన్నారు.
రెండు భాషల్లో కాదనిపించుకోవడం
మా లోయలో మామూలే.

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు తోలాను ఇక్కడ.
ఈ నీళ్ళ చుట్టూ ఉన్న మలుపులన్నీ
నా మోకాళ్ళకి కంఠతా వచ్చు.
ఆ మోకాళ్ళే ఇప్పుడు నన్ను గట్టెక్కనివ్వవు.
అందుకే కొన్నాను దీన్ని,
మడిస్తే అరచేతిలో ఇమిడే బూడిదరంగు ఈగని.
రెండొందల నలభై తొమ్మిది గ్రాములు.
మెన్నా కేకు పిండి తూచే త్రాసులో పెట్టి చూసి
"ఇంత తేలిక దానికి
ఇన్ని కాగితాలా?" అంది.

నేల నీళ్ళ కంపెనీది:
దాని మీంచి లేపకూడదు, దాని మీద దింపకూడదు.
ఆకాశం ఇంకో ఆఫీసుది.
మధ్యలో గాలి ఎవరిదని ఫోను చేస్తే
ఇద్దరూ ఒకరి నంబరు ఒకరు ఇచ్చారు.

ఎమ్లిన్‌కి సందు దొరికితే చాలు.
ఫిబ్రవరిలో, కంచెకి రెండడుగులు ఇవతల
కౌన్సిల్ రోడ్డు మీద నిలబడి లేపాడు,
చట్టం చొక్కా నలగకుండా
దాని జేబులో చెయ్యి పెట్టినట్టు.
నీళ్ళ మీది బాతులన్నీ ఒక్కసారి లేచాయి.
తెర మీద, అబద్ధమెందుకు,
చాలా అందంగా ఉంది.

వార్డెన్ నెస్టా వచ్చింది,
తడిసిన జాకెట్టూ, మెడలో బైనాక్యులర్సూ.
తిట్టలేదు.
"లేచినవి చూశారుగా,
దిగినవి కూడా లెక్కపెట్టండి" అని వెళ్ళిపోయింది.
ఎమ్లిన్ లెక్కపెట్టలేదు.
నేను పెట్టాను, చీకటి పడేదాకా.
తగ్గాయి.

ఫోనులో పటం తెరిస్తే
జిల్లాకి తట్టు పోసినట్టు అంతటా ఎరుపు.
ఒక్కచోట మాత్రం గోరంత పచ్చన:
పాత చెత్తదిబ్బ.
ఇరవై ఏళ్ళ కిందట మట్టి కప్పి, గడ్డి చల్లి,
లోపలి గాలి పోవడానికి గొట్టాలు పాతారు.
మా పెళ్ళినాటి పరుపు
అక్కడే ఎక్కడో అడుగున ఉంది.

ఆదివారాలు అక్కడికి పోయేవాణ్ణి.
నూట ఇరవై మీటర్ల ఎత్తున,
అంతకు మించకూడదు,
దాన్ని నిలబెట్టి మొహం దక్షిణానికి తిప్పితే
కొండ భుజం మీంచి
పళ్ళెం అంచంత మెరిసేవి ఆ నీళ్ళు.
అంతే.
దూరంనుంచి చూడ్డానికి ఇంకా ఎవరూ బోర్డు పెట్టలేదు.

ఏప్రిల్ రెండో వారం
ఏదో దాని వెంటపడింది.
తెర నిండా తెల్లటి పొట్ట, నల్లటి రెక్క,
నెత్తిన ఎగిరే సన్నటి పింఛం.
తీతువు.
అరుస్తోంది. యంత్రానికి చెవుల్లేవు,
నాకున్నాయి.
దించేశాను.
చూస్తే నేను నిలబడ్డ చోటికి ఎనిమిది అడుగుల్లో,
గొట్టం పక్క గుంటలో,
నాలుగు గుడ్లు
గులకరాళ్ళమని బొంకుతూ పడుకున్నాయి.

ఇక్కడ బోర్డు లేదు.
నెస్టా ఉద్యోగం ఆ గేటు దగ్గరే అయిపోతుంది.
పటంలో ఇప్పటికీ పచ్చగానే ఉంది ఈ చోటు,
కావాలంటే మీరే చూసుకోండి.

స్టాపు కాని చోట
ఎవరు చెయ్యెత్తినా బస్సు ఆపకూడదని రూలు.
వానలో సంచులతో ముసలమ్మ నిలబడి ఉండేది
పాల డెయిరీ మలుపులో.
ఆపేవాణ్ణి.
డిపోలో రెండుసార్లు మెమో కూడా ఇచ్చారు.

ఇంటికొస్తే మెన్నా
"అప్పుడే వచ్చేశావేం?" అంది.
బ్యాటరీ ఇంకా అరవై ఒక్క శాతం ఉందన్నాను,
అదేదో జవాబైనట్టు.
ఆమె టీ కెటిల్ పెట్టింది.
జూన్‌కి పిల్లలు ఎగురుతాయిట.